తాళంచెవి ఎవరి దగ్గరుంది?

తాళంచెవి చూడ్డానికి ఎంత వుంటుంది? చూపుడువేలంత కూడా వుండదు. కాని మన ఆడవాళ్ళ బతుకుల్లో అది చేసినంత హడావిడి ఏడువారాల నగలు కూడా చేసివుండవు. అత్తగారు బొడ్లోంచి తాళాల గుత్తి తీసి చేతిలో పెట్టిన రోజున కోడలికి సగం పట్టాభిషేకం జరిగినట్టే. ఆ మర్నాటినుంచి బీరువాలో పదిరూపాయలు తగ్గినా, డబ్బాలో జీడిపప్పు తగ్గినా అడగవలసిన మనిషి ఎవరో ఇంటిల్లిపాదికీ తెలిసిపోయిందన్నమాట. పట్టాభిషేకంలో ఈ రెండో అంకం గురించి ముందుగా ఎవరూ చెప్పరు!

ఇంట్లో తాళాల మాట అలా వుంచండి. వీధిలో తాళాల సంగతి ఇంకా చిత్రం. మా తిరువూరులో ఏ వీధికి వెళ్ళినా రెండు మూడు తాళం వేసిన ఇళ్ళు కనిపిస్తాయి. పిల్లలు హైదరాబాదులోనో, బెజవాడలోనో, సముద్రాల అవతలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. పెద్దవాళ్ళు పిల్లల దగ్గరకి చేరుకున్నారు. ఇల్లు మాత్రం పెరట్లో మామిడిచెట్టుతో సహా ఇక్కడే నిలబడి వుంది. అద్దెకివ్వాలన్నా అమ్మాలన్నా తాళం తీసి చూపించే మనిషి కావాలి కదా! అందుకని అలాంటి ప్రతి ఇంటికీ ఎదురుగానో పక్కనో ఒక పిన్నిగారు వుంటారు. ఆవిడ ఇంట్లో క్యాలెండరు మేకుకి ఆ ఇంటి తాళంచెవి వేలాడుతూ వుంటుంది. దానికి జీతం లేదు, బత్తెం లేదు. పేరు మాత్రం వుంది. "తాళం పిన్నిగారి దగ్గరుంది."

పిన్నిగారి తరవాత చెప్పుకోవలసినవాడు బ్రోకరు. మా వీధికి వచ్చే బ్రోకరు గారి చేతిసంచిలో గలగలమంటూ ఓ పెద్ద గుత్తి వుండేది. ఏ తాళంచెవి ఏ ఇంటిదో ఆయనకే తెలియాలి. ఎర్రదారం కట్టింది రిటైరైన మాస్టారిది, పిన్నీసు తగిలించింది మేడ మీద వాటాది, ఏమీ లేనిది గుర్తుకి రానిది. అద్దె ఇల్లు చూసిపెడితే ఒక నెల అద్దె ఆయనకి ముట్టాలి. అమ్మకమైతే నూటికింత అని బేరం. కాగితం, కలం లేవు. అంతా టీకొట్టు దగ్గర నోటిమాటే. 2022 ఏప్రిల్లో కొత్తగా ఎన్టీఆర్ జిల్లా ఏర్పడి, తిరువూరు రెవెన్యూ డివిజను కేంద్రం అయ్యాక ఆయన మాటకి బలం వచ్చింది. "డివిజను అయిందండీ, జాతీయ రహదారి మనూరి మీంచే పోతోందండీ, నాలుగడుగులేస్తే తెలంగాణానండీ" అంటూ గుమ్మంలోనే సగం రేటు పెంచేస్తారు. 2016లో కేంద్రప్రభుత్వం రియల్ ఎస్టేటు చట్టం చేసి, రిజిస్టరైన ప్రాజెక్టుల్లో ప్లాట్లూ ఫ్లాట్లూ అమ్మిపెట్టే ఏజెంట్లు కూడా రిజిస్టరు కావాలంది. మా పిన్నిగారి ఎదురింటిలాంటి పాత పెంకుటింటిని అద్దెకి చూపించే బ్రోకరుకి ఆ చట్టంతో పనిలేదు. ఆయనకి పని పిన్నిగారితోనే.

ఈ పిన్నిగారు పదకొండేళ్ళు ఎదురింటి తాళం దాచారు. బ్రోకరు ఎంతమందిని తీసుకొచ్చారో, ఎన్నిసార్లు తాళం పట్టుకెళ్ళి సాయంత్రం తెచ్చిచ్చారో లెక్కలేదు. ఓ సంక్రాంతికి ఇంటివాళ్ళు హైదరాబాదునుంచి వచ్చారు. అటకమీద రాగి గంగాళం కనిపించలేదు. ఆ ఇంటి కోడలు వీధి దాటి వచ్చి, నవ్వుతూనే, ఎంతో మర్యాదగానే అడిగింది. "పిన్నిగారూ, తాళం ఎవరికైనా ఇచ్చారా?"

అంతే. అంతకుమించి ఒక్కమాట అనలేదు. కాని ఆ పూట పిన్నిగారు అన్నం ముట్టలేదు. ఆవిడ ఇంట్లో అంట్లు తోమి, ఎదురింటి వాకిలి కూడా చిమ్మే మనిషి వుంది. ఆవిడకి ఆపాటి మర్యాద కూడా దక్కలేదు. సంచి దులిపి చూపించమన్నారు. నెల తిరక్కుండానే గంగాళం బెజవాడలో తేలింది. ఆ ఇంటి పెద్దకోడలే ఎవరిదో గృహప్రవేశానికి పట్టుకెళ్ళిందట! దొరికిందన్న సంగతి పిన్నిగారికి ఎవరూ పనిగట్టుకుని చెప్పలేదు. పోయిందన్న వార్తకి వుండే కాళ్ళు దొరికిందన్న వార్తకి వుండవు. ఆ తరవాత పిన్నిగారు మేకుమీది తాళంచెవి తీసి, ఓ కవర్లో పెట్టి, బ్రోకరు చేత ఇంటివాళ్ళకి పంపించేశారు.

ఈ సంగతంతా ఫోనులో వింటూ మా మేనకోడలు అటువైపు నవ్వడం మొదలుపెట్టింది. అది అమెరికాలో, డల్లాసు పక్కన ఫ్రిస్కోలో ఇళ్ళమ్మే లైసెన్సు పుచ్చుకుంది. ఆ రాష్ట్రంలో 180 గంటల పాఠాలు విని, పరీక్ష ప్యాసయితేగాని బ్రోకరు దగ్గర చేరి ఇళ్ళమ్మనివ్వరట. "మా దగ్గర పిన్నిగారు లేరత్తయ్యా, పెట్టె వుంటుంది" అంది.

అమ్మకానికి పెట్టిన ఇంటి గుమ్మానికి గుప్పెడంత ఇనప్పెట్టె ఒకటి తగిలిస్తారట. ఇంటి తాళంచెవి ఆ పెట్టె కడుపులో వుంటుంది. పూర్వం నెంబర్లు తిప్పి తెరిచే పెట్టెలుండేవి. ఒకసారి నెంబరు బయటికి పొక్కితే ఎవరు తెరిచిందీ దేవుడికే తెలియాలి. తరవాత ఎలక్ట్రానిక్ పెట్టెలొచ్చాయి. ఏజెంటు తన ఫోను దగ్గర పెడితే పెట్టె గుర్తుపట్టి తెరుచుకుంటుంది. ఫలానావారు, ఫలానా తారీకున, ఇన్ని గంటలకి తెరిచారని రాసేసుకుంటుంది. రాత్రిళ్ళు తెరుచుకోవద్దంటే తెరుచుకోదు. బుద్ధిమంతురాలైన కోడల్లాగా వుంది కదూ!

అక్కడ మాత్రం అందరూ సంతోషంగా ఒప్పుకున్నారనుకుంటున్నారా? పాతకాలపు ఏజెంట్లు గొణిగారట. ఎదురుగా పార్టీ నిలబడివుండగా ఫోనులో చార్జింగు అయిపోతే ఏం చెయ్యాలి? వానలో తడుస్తూ పాస్‌వర్డు గుర్తు తెచ్చుకోవాలా? కొన్ని వూళ్ళలో ఏజెంట్ల సంఘాలు ఒక కంపెనీ పెట్టెలు మానేసి ఇంకో కంపెనీవి పుచ్చుకున్నాయి. అప్పుడు ఏజెంట్లంతా వున్న పెట్టెలన్నీ కార్లలో వేసుకెళ్ళి మార్చుకున్నారట, మనం పాత ఇత్తడి సామాను వేసి కొత్త స్టీలు పుచ్చుకున్నట్టు! అదీగాక, 2024 ఆగస్టునుంచి రియల్టర్ల జాతీయ సంఘం వాళ్ళు, ఇల్లు చూపించడానికి ముందే కొనేవాళ్ళతో కాగితంమీద ఒప్పందం రాసుకోవాలని నియమం పెట్టారు. మా బ్రోకరు గారికి ఈ సంగతి చెబితే "ఒప్పందం రాసేలోపల పార్టీ పారిపోడండీ?" అన్నారు.

ఆయన నవ్వు ఆర్నెల్లు కూడా నిలవలేదు. ఎదురింటి అబ్బాయి కూడా అలాంటి పెట్టె ఒకటి తెప్పించి గ్రిల్లుకి బిగించి వెళ్ళాడు. అమెరికాదంత ఘనమైనది కాదు, కాని తెలివైనదే. ఇల్లు చూపించేవాళ్ళ ఫోనుకి హైదరాబాదునుంచి ఓ నెంబరు పంపుతాడు. అది ఆ మనిషికి, ఆ గంటకే పనిచేస్తుంది. తరవాత ఎన్నిసార్లు నొక్కినా పలకదు.

బ్రోకరు గారికి ముందు రోషం వచ్చింది. "ఇరవయ్యేళ్ళుగా తాళాలు మోస్తున్నానమ్మగారూ, నామీద నమ్మకం లేకేగా!" అన్నారు. తరవాత కంగారు వచ్చింది. పార్టీని అటు తిరగమని తాను ఇటు తిరిగి నెంబరు నొక్కేవారు. కళ్ళజోడు లేక మూడుకి బదులు ఎనిమిది నొక్కేవారు. చివరికి ఓ ఉపాయం కనిపెట్టారు. వచ్చిన నెంబరు వచ్చినట్టు గుమ్మం పక్కన గోడమీద సుద్దముక్కతో రాసేవారు! మర్నాటికి అది చెల్లని నెంబరే కాబట్టి ఇల్లు బతికిపోయింది. గోడమాత్రం నెలరోజుల్లో పాలపద్దులా తయారైంది.

నాలుగు నెలలకి ఆయన దారిలో పడ్డారు. ఎందుకు పడ్డారో కూడా చెబుతాను. ఓ ఆదివారం ఇంటివాళ్ళు వచ్చేసరికి హాల్లో ఫ్యాను లేదు. ఈసారి ఆ కోడలు వీధి దాటి రాలేదు. అబ్బాయి ఫోను తీసి చూశాడు. మంగళవారం నాలుగింటికి బ్రోకరు గారి దగ్గర పనిచేసే కుర్రాడికి నెంబరిచ్చినట్టు వుంది. ఆ కుర్రాణ్ణి అడిగితే "ఫ్యాను శబ్దం చేస్తోందని వైండింగుకిచ్చానండి, చెప్పడం మర్చిపోయాను" అన్నాడు. పది నిమిషాల్లో తేలిపోయింది. బ్రోకరు గారు పెద్దగా ఊపిరి పీల్చుకుని, "పాతరోజుల్లో అయితే ఈ ఫ్యాను నా మెడకే చుట్టుకునేది" అన్నారు. ఆ రోజునుంచి పెట్టె అంటే ఆయనకి గౌరవం పుట్టింది. ఇప్పుడు వేరే ఇంటివాళ్ళకి కూడా తగిలించుకోమని ఆయనే సలహా ఇస్తున్నారు.

వీధరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్న పిన్నిగారు ఒకేమాట అన్నారు. "పెట్టె సాక్ష్యం చెప్పింది. నన్ను ఒట్టు వెయ్యమనలేదు."

నాకు ఆ మాట పట్టుకుంది. 1897లో బొంబాయిలో గోద్రెజ్ వాళ్ళు తాళాల తయారీ మొదలుపెట్టిన నాటినుంచి, అలీగఢ్‌లో ఇంటింటా తాళాలు చేసేవాళ్ళ దాకా, అందరూ దొంగ గురించే ఆలోచించి తాళాలు చేశారు. తాళంచెవి దాచే మనిషి గురించి ఆలోచించినవాళ్ళు తక్కువ. దొంగ ఎప్పుడో ఒకసారి వస్తాడు. ఆవిడమాత్రం రోజూ ఆ భారం మోస్తూనే వుంటుంది. మనం దానికి నమ్మకం అని పేరు పెట్టాం. నిజానికి ఆ నమ్మకం గంగాళం అటకమీద వున్నన్నాళ్ళే!

అలాగని పెట్టె వచ్చి అన్నీ చక్కబెట్టిందని నేను అనను. వచ్చిన పార్టీకి పిన్నిగారు మజ్జిగ ఇచ్చేవారు. మంచినీళ్ళు ఏ వేళకి వస్తాయో, కోతులు ఏ గోడమీంచి దిగుతాయో చెప్పేవారు. పెట్టెకి అవి తెలియవు. అందుకే బ్రోకరు గారు ఇప్పటికీ ముందు పిన్నిగారి గుమ్మమెక్కి, "ఫలానావాళ్ళొచ్చారండీ" అని చెప్పి ఆ తరవాతే నెంబరు నొక్కుతారు. తాళం బరువు పోయి పెద్దరికం మిగలడం పిన్నిగారికి కూడా బాగానే వుంది.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది వాకిలి చిమ్మే ఆవిడ. వారానికోసారి లోపల కూడా తుడవమని ఇంటివాళ్ళు చెబితే, ఆవిడ పెట్టిన షరతు జీతం గురించి కాదు. "నాక్కూడా ఓ నెంబరు ఇప్పించండమ్మా, బ్రోకరు గారి నెంబరుతో నేను లోపలికి వెళ్ళను" అంది. వచ్చిన వేళా పోయిన వేళా తన పేరుమీదే పడాలట! సంచి దులిపిన రోజు ఆవిడ మర్చిపోలేదు. నెంబరు ఇచ్చారు. ఇచ్చిన రెండోవారమే ఆ ఇంటి కోడలు ఫోను చూసి, "ఎనిమిదింటికి రమ్మంటే ఎనిమిదింపావుకి వచ్చిందేం?" అని అడిగింది. చూశారా! పెట్టె సాక్షి మాత్రమే. న్యాయం చెప్పవలసింది మనుషులే. నిర్దోషిని కాపాడే లెక్కనే జీతంలో పావుగంట కోయడానికి కూడా వాడుకోవచ్చు.

కాబట్టి మీ ఇంటి తాళం ఎవరైనా దాచిపెడుతున్నా, మరొకరి తాళం మీ మేకుకి వేలాడుతున్నా నాదో చిన్న మనవి. ఎలక్ట్రానిక్ పెట్టె కొనుక్కోమని నేను చెప్పను. తాళం మేకు పక్కన పాత క్యాలెండరు కాగితం ఒకటి, దారంతో కట్టిన పెన్సిలు ఒకటి వేలాడదీయండి. తాళం పట్టుకెళ్ళినవారి చేత పేరూ వేళా రాయించండి, ఇంటి అల్లుడైనా సరే. మొహమాటపడకండి. రెండు రూపాయల పెన్సిలు ఓ పిన్నిగారి పూట భోజనాన్ని కాపాడుతుందంటే చవకే కదూ?