ఓటు లేని కార్యకర్త

నవంబరు వచ్చిందంటే షికాగోలో చలికోట్లు బయటికి తీయాల్సిందే. 2008 నవంబరు 4 సాయంత్రం మాత్రం పలుచటి స్వెట్టరు చాలింది. నేపర్‌విల్‌లో రైలెక్కితే పెట్టెలో సగానికి సగం ఒబామా బ్యాడ్జీలే. నా చొక్కాకీ ఒకటుంది. యూనియన్ స్టేషన్లో దిగి, జనంతోపాటే తూర్పుగా నడిచాం నేనూ మా ఆవిడా. అంతా వెళ్లేది ఒక్కచోటికే... గ్రాంట్ పార్క్!

అసలు విషయం చెప్పేస్తా. ఆ ఎన్నికల్లో నాకు ఓటే లేదు. అప్పటికి నాది గ్రీన్‌కార్డే. ఓటు లేకపోయినా ప్రచారం చేయొచ్చు. అందుకే ఆ సెప్టెంబరు నుంచి ప్రతి శనివారం పొరుగు రాష్ట్రం ఇండియానాకి వెళ్లాను. ఇల్లినాయ్ ఎలాగూ ఒబామా సొంత రాష్ట్రం. ఇండియానా అలా కాదు. 1964 తర్వాత అక్కడ డెమొక్రాట్ గెలవనేలేదు. గెలుపుకి కావలసిన 270 ఎలక్టోరల్ ఓట్లలో దాని వాటా 11. స్కైవే వంతెన దాటి వెళితే హామండ్, గ్యారీ... ఉక్కు కర్మాగారాల పొగగొట్టాల నీడలో చిన్నచిన్న ఇళ్లు.

చేతిలో పేర్ల జాబితా. తలుపు తట్టడం, మాట్లాడటం, మనవాడైతే 1 అనీ, అవతలివాడైతే 5 అనీ రాసుకోవడం. అంతే పని. ఓరోజు ఓ పెద్దాయన తలుపు తీశాడు. ఉక్కు మిల్లులో చేసి రిటైరయ్యాడట. నా మాటలన్నీ ఓపిగ్గా విని, 'మెకెయిన్ ఈ దేశం కోసం అయిదున్నరేళ్లు హనోయ్ జైల్లో ఉన్నాడు. నా ఓటు ఆయనకే' అన్నాడు. అని ఊరుకోలేదు, చల్లటి మంచినీళ్ల సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. నీళ్లు తాగి, కాగితం మీద 5 వేసుకుని వచ్చేశాను. అప్పట్లో నాకు మనుషులంతా అంకెల్లాగే కనిపించేవారు మరి!

ఆ పిచ్చి ఎంతవరకూ వెళ్లిందంటే... అక్టోబరు 28న దీపావళి. మా ఇంట్లో నాలుగైదు కుటుంబాలు కలిశాం. ఇంజినీరింగ్ హాస్టల్లో నాలుగేళ్లు నాతో ఒకే గదిలో ఉన్న మిత్రుడూ వచ్చాడు. వాడికి అమెరికా పౌరసత్వం ఉంది, వాడి ఓటు మెకెయిన్‌కి. మనదేశంతో అణు ఒప్పందం చేసుకున్న బుష్ పార్టీని కాదని వేరే వాళ్లకెలా వేస్తామంటాడు. మాటామాటా పెరిగింది. 'ఓటు లేనివాడివి, నీకెందుకురా ఇంత ఆవేశం?' అన్నాడు. 'ఓటుండీ బుద్ధి లేకపోతే ఏం లాభం?' అన్నాను, అందరి ముందూ. వాడు చేతిలోని పళ్లెం బల్లమీద పెట్టేసి, భార్యాపిల్లలతో వెళ్లిపోయాడు. మన ఊళ్లలో పార్టీల కోసం ముఖాలు చూసుకోని అన్నదమ్ముల్ని చూసి నవ్వుకున్నవాణ్ని. సముద్రాలు దాటొచ్చి నేను చేసిందీ అదే.

గ్రాంట్ పార్క్ అంచునే మిషిగన్ అవెన్యూ. 1893లో వివేకానందుడు ప్రసంగించిన భవనం ఆ వీధిలోనే, ఇప్పటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. 1968 ఆగస్టులో వియత్నాం యుద్ధం వద్దన్న కుర్రాళ్లని పోలీసులు చితకబాదిందీ ఈ పార్కు దగ్గరే. సరిగ్గా ఆ రోజుల్లోనే మెకెయిన్ హనోయ్ జైల్లో ఉన్నాడు.

ఆ రాత్రి అక్కడ సుమారు 2 లక్షల 40 వేలమంది. టిక్కెట్లు లేని మేము బయట పెద్ద తెర ముందు నిలబడ్డాం. సరిగ్గా పదింటికి తెరమీద ఒబామా గెలిచాడని పడింది. ఒక్కసారిగా హోరు! ముక్కూమొహం తెలియనివాళ్లు కావలించుకుంటున్నారు. నా పక్కనున్న నల్లజాతి పెద్దావిడ మాత్రం అరవలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలా ఏడుస్తూనే ఉంది.

కాసేపటికి తెరమీద మెకెయిన్. ఫీనిక్స్‌లో తన వాళ్లముందు నిలబడి ఒబామాని అభినందించాడు. వాళ్లు గేలిచేయబోతే చేత్తో వారించాడు. నల్లజాతివారికి ఈ రాత్రి ఎంత విలువైందో తనకి తెలుసన్నాడు. రెండ్రోజుల ముందే పోయిన ఒబామా అమ్మమ్మని తలుచుకున్నాడు. ఓటమి తనదే, మీది కాదన్నాడు. మా చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు మంచినీళ్లిచ్చిన పెద్దాయన గుర్తొచ్చాడు. ఆ వెంటనే మావాడు.

పదకొండు ప్రాంతంలో ఒబామా మాట్లాడాడు. విన్నాను కానీ, మనసంతా జేబులోని ఫోన్ మీదే. స్టేషన్‌కి తిరిగి నడుస్తుంటే ఎప్పటికో లైను కలిసింది.

'చూశావుట్రా?'

'చూశా. మావాడు బాగా మాట్లాడాడు కదరా?'

'చాలా బాగా. ఆరోజు నేనే బాగా మాట్లాడలేదు.'

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, 'బొబ్బట్లు తినకుండా వచ్చేశాను. బాకీ ఉన్నావు' అన్నాడు.

తెల్లారేసరికి ఇండియానా కూడా ఒబామాదేనని తేలింది. 27 లక్షలకు పైగా పోలైన ఓట్లలో తేడా 28 వేల పైచిలుకే. ఆ శనివారాలు వృథా కాలేదని పొంగిపోయాను. కానీ మా ఆవిడ ఆ వారం అందరికీ చెప్పుకుంది మాత్రం బొబ్బట్ల సంగతే!

2018 ఆగస్టులో మెకెయిన్ కన్నుమూశాడు. తన సంస్మరణ సభలో మాట్లాడమని ముందే ఇద్దర్ని కోరి పెట్టుకున్నాడాయన. ఒకరు బుష్, మరొకరు ఒబామా. ఇద్దరూ ఒకప్పుడు ఆయన్ని ఓడించినవాళ్లే. ఆ సభని నేనూ మావాడూ మా ఇంట్లో పక్కపక్కన కూర్చుని చూశాం. 2021 జనవరి 6న వాషింగ్టన్‌లో జనం పార్లమెంటు భవనంలోకి చొరబడుతుంటే ఫోన్ చేసింది వాడే. ఆరోజు ఇద్దరం వాదించుకోలేదు.

ఇప్పుడు నాకూ ఓటుంది. మావాడిదీ నాదీ ఇప్పటికీ ఒకవైపు పడవు. మనదేశం నుంచి చుట్టాలొస్తే గ్రాంట్ పార్క్‌కి తీసుకెళ్తాను. ఫౌంటెన్, సరస్సు చూసి ఫొటోలు దిగుతారు. నేను మాత్రం ఆ తెర ఉన్నచోటు వెతుక్కుంటాను. అక్కడిప్పుడు పచ్చగడ్డి తప్ప ఏమీ లేదు. ఇంటికి రాగానే మావాడికి ఫోన్ చేస్తాను, ఈ ఆదివారం భోజనానికి రమ్మని.