ఎర్రటి ఆకాశం కింద దల్మా

మా నాన్న శ్రీకాకుళం నుంచి జంషెడ్‌పూర్‌లోని టిస్కో ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చారు. కద్మాలో క్వార్టరు. వేసవి రాత్రులు పెరట్లో నులక మంచాల మీద పడుకునేవాళ్ళం. ఉన్నట్టుండి ఆకాశం ఎర్రబడేది. ఇనుము తీయగా మిగిలిన స్లాగ్‌ను కుతకుతలాడుతుండగానే బండ్ల మీద తెచ్చి దిబ్బ మీద కుమ్మరించేవారు. ఆ వెలుగులో మామ్మ చేతిలో జపమాల పూసలు లెక్కపెట్టొచ్చు. ఊరి నుంచి కొత్తగా వచ్చిన చుట్టాలు "ఎక్కడో ఇల్లు అంటుకుందర్రా!" అని లేచి కూర్చునేవారు. మేం నవ్వుకునేవాళ్ళం.

ఆ ఎరుపులో, సువర్ణరేఖ నది అవతల, నల్లటి గీతలా దల్మా కొండ కనిపించేది.

మొదటిసారి మమ్మల్ని దాని మీదికి తీసుకెళ్ళింది నాన్నతో పనిచేసే ఒక సంతాల్ చాచా. సాల్ చెట్ల మధ్య నడుస్తూ ఒక చోట ఆగిపోయాడు. మనిషి తలకన్నా ఎత్తున చెట్టు బెరడుకు మట్టి పూసి ఉంది. చాచా దాని మీద అరచేయి ఆనించాడు. తడిగా ఉంది. "ఠాకుర్ ఇప్పుడే వెళ్ళారు" అన్నాడు మెల్లగా. ఏనుగును అలా పిలవడం నేను వినడం అదే మొదలు. దారి వదిలి పక్కకు జరిగి, అరగంట ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాం. ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఏనుగును చూడకుండానే దిగి వచ్చాం. అయినా ఆ రోజు ఏనుగును చూశాననే ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎండాకాలంలో సెందరా వచ్చేది. విల్లంబులతో, డప్పులతో ఆదివాసీలు ఊరూరి నుంచీ దల్మాకు వేటకు ఎక్కేవారు. అభయారణ్యం అయ్యాక అటవీశాఖ వాళ్ళకు నచ్చజెబుతూ వస్తోంది. వేట తగ్గి, పూజ మిగిలింది.

1984 మే 23న బచేంద్రీ పాల్ ఎవరెస్టు ఎక్కారు. ఆ తర్వాత ఆమె మా ఊరికే వచ్చి టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్ నడిపారు. "ఆడపిల్లకి కొండలెందుకే?" అనే మా అమ్మ నోరు మూయించడానికి నాకు ఆ ఒక్క పేరు చాలింది. మూడు వేల అడుగుల దల్మా మీద నడక సాధన చేసుకుని, ఒక జట్టుతో ఉత్తరకాశీ వెళ్ళాను.

అక్కడ బార్సూ ఊరి నుంచి ఎక్కితే దయారా బుగ్యాల్. దాదాపు పదకొండు వేల అడుగుల ఎత్తున పచ్చిక మైదానం. నాలుగడుగులకోసారి ఆయాసం. గట్టు మీద మోనాల్ పిట్ట ఒకటి ముక్కుతో మట్టి తవ్వుకుంటోంది. దాని మెడ మీద నెమలి రంగులన్నీ ఉన్నాయి. రాళ్ళు, చెక్కలతో కట్టిన ఛాన్ గుడిసెలో పశువులు మేపుకునే ఒకావిడ మజ్జిగ చిలుకుతోంది. తాడు లాగే లయ అచ్చం మా మామ్మదే. మా జంషెడ్‌పూర్ హిందీలో మాట కలిపాను. ఆగస్టు నడుమ, రైథల్ ఊరివాళ్ళు ఇక్కడే వెన్న, మజ్జిగ ఒకరి మీద ఒకరు చల్లుకుని పండుగ చేసుకుంటారని చెప్పింది. పశువులతో దిగిపోయే ముందు కొండకు దణ్ణం పెట్టుకోవడమట. నాకు చాచా అరచేయి గుర్తొచ్చింది. ఇద్దరికీ కొండ ఇంటి యజమాని లాంటిది. వాళ్ళు అద్దెకున్నవాళ్ళు.

ఇప్పుడు టిస్కో అన్న పేరు లేదు. స్లాగ్ సిమెంటులో కలుస్తోంది, ఆకాశం రాత్రంతా నల్లగానే ఉంటోంది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్ళలో రాత్రి బసను నిషేధించింది. మేం గుడారాలు వేసిన చోట నిద్రపోయే భాగ్యం మా పిల్లలకు లేదు. గడ్డి బతుకుతుందంటే నాకు ఫిర్యాదు లేదు.

దల్మా ఎక్కేవాళ్ళకు ఒక్కటే మాట. చెట్టు మీద మట్టి కనబడితే ముందు చేయి ఆనించి చూడండి. తడిగా ఉంటే పక్కకు తప్పుకుని కూర్చోండి.