ఇవాళ ఏం వండారు వదినగారూ?

ఏవండీ వదినగారూ, మధ్యాహ్నం మీ వంటింట్లోంచి ఆ ఘుమఘుమలేమిటి? రొయ్యలని తెలుస్తూనే ఉంది. దాంట్లో ఇంకేదో పుల్లపుల్లగా కలిసింది. గోంగూరా, మామిడికాయా? చెప్పేదాకా గోడ దగ్గర్నించి కదలను. పొద్దువాలేదాకా మీకూ పనిలేదు, నాకూ లేదు.

గోంగూరేనా! మరి అంత మంచి పని చేసి నోరు మెదపరేం? ఎప్పుడు చూసినా ఉల్లిపాయా, మసాలా ముద్దా, అంతేనా? మా కోనసీమలో పెరట్లో ఏది కాస్తే అది రొయ్యల్లో పడాల్సిందే. సొరకాయ, బీరకాయ, ములక్కాడ, ఆఖరికి పనసపొట్టు. మా మేనత్త పనసపొట్టు రొయ్యలు వండిన రోజు వంటింటి గుమ్మం ఎవర్నీ తొక్కనిచ్చేది కాదు, కూరకి దిష్టి తగులుతుందని! ఆ పిచ్చి ఉండేది గానీ, చెయ్యి మాత్రం బంగారం.

ఎండలు ముదిరే ముందు చింతచిగురొస్తుంది చూడండి, అప్పుడు తినాలి రొయ్యలు. కొనేటప్పుడు తల చూడండి, వదులుగా వేలాడితే వద్దనేయండి. వొలిచి, పసుపూ ఉప్పూ వేసి, ఊరిన నీళ్లు ఇగిరేదాకా విడిగా వేయించండి. నీచు వాసన అక్కడే పోతుంది. చిగురు కడిగి ఆరబెట్టి అరచేతుల మధ్య నలిపితే పుల్లలు విడిపోయి పొడిపొడిగా రాలుతుంది. దాన్ని దింపబోయే ముందే వెయ్యాలండోయ్, ఎక్కువసేపు ఉడికితే ఆ లేత వాసన కాస్తా పోతుంది.

ఏం చెబుతున్నానూ? ఆ, చీరమేను! దసరా వెళ్లి తూర్పుగాలి తిరిగిందంటే యానాం దగ్గర గోదావరిలో దొరుకుతుంది. సన్నసన్నటి చేపపిల్లలు. ఇసుక పోయేదాకా నీళ్లు మార్చి మార్చి కడగాలి. ఆ తర్వాత మీ ఇష్టం, పచ్చి చింతకాయ తొక్కేసి ఇగురు పెట్టుకోండి, శనగపప్పు రుబ్బి గారెలే వేసుకోండి. పిల్లల్నే ఊడ్చేస్తే రేపటికి పెద్ద చేప ఎక్కణ్ణించొస్తుందని నాకు బెంగే. అందుకే సీజనుకి ఓసారి తిని ఊరుకుంటాం.

మా వీధి చివర మేష్టారు కార్తీకమాసం నీచు ముట్టరు. అయినా రోజూ పొద్దున్నే చేపలావిణ్ణి ఆపి, గంప దింపించి, ధర అడిగి, తనివితీరా చూసి మరీ వెళతారు. ఆవిడా విసుక్కోదు, గుడ్డ తీసి చూపిస్తుంది.

అన్నట్టు, మటన్‌లో దోసకాయ వేశారా ఎప్పుడైనా? అలా మొహం పెట్టకండి! ముక్క ముప్పావు ఉడికాక వెయ్యాలి. కాస్త పులుపెక్కి, మాంసంలో రసమంతా పీల్చుకుంటుంది. అన్నంలోకి మాంసం ముక్క కన్నా దోసకాయ ముక్క కోసమే కొట్టుకుంటారు పిల్లలు. చేదు దోసకాయ పడిందో, కూరంతా పోయినట్టే. ముందు కొరికి చూడాలి.

ఈ ఆదివారం అన్నయ్యగారు మటన్ తెస్తున్నారటగా, పాలబ్బాయి చెప్పాడులెండి. మా పాదుకి దోసకాయలు దిగాయి. చేదు చూసి మరీ నేనిస్తాను. గిన్నెడు కూర మాత్రం గోడ మీంచి ఇటు రావాలి.