నేల కింది ఠండక్

2019లో రంజాన్ మే నెలలో వచ్చింది. గుంటూరు ఎండ సంగతి మీకు వేరే చెప్పాలా? మనకు ఖిబ్లా పడమర. సాయంత్రందాకా ఎండ తినేదీ ఆ గోడే. అసర్ నమాజ్‌కి సజ్దా చేస్తే నుదుటికి సెగ తగిలేది. ఒకరోజు అమ్మీ జానిమాజ్ మీదే ఒరిగిపోయింది. డాక్టరు రోజా విరమించమన్నాడు. "జబ్బు మనిషికి అల్లాహ్ రుఖ్సత్ ఇచ్చాడు కదమ్మీ" అన్నా ఆమె కన్నీళ్లు ఆగలేదు.

ఆ రాత్రే కొత్త ఇంటికి నియ్యత్ చేసుకున్నా.

దుబాయ్‌లో ఉన్న తమ్ముడు, "భాయ్, గదికో ఏసీ పెట్టిద్దాం, పైసలు నేను పంపుతా" అన్నాడు. వాడి మొహబ్బత్‌ని కాదనలేను. కానీ నెలనెలా బిల్లు కట్టేది నేను. మరి కరెంటు పోతే?

నాకేమో ఇంకో ఖయాల్. చలిదేశాల్లో భూమిలో పైపులు పాతి, అందులోని వేడిని హీట్ పంపుతో ఇంట్లోకి తెచ్చుకుంటారు. మనకు కావలసింది ఉల్టా. ఇంట్లో వేడిని నేలకు అప్పజెప్పాలి. ఇదేం జాదూ కాదు. కొన్ని మీటర్ల లోతుకు వెళితే మట్టికి మే నెలైనా జనవరైనా దాదాపు ఒకటే. నానీమా ఇంటి బావినీళ్లు ఎండాకాలం చల్లగా, చలికాలం గోరువెచ్చగా అనిపించేవి. నీళ్లు పెద్దగా మారలేదు, మారింది పైన గాలి.

తాపీమేస్త్రీ నవ్వి, పక్క చేలో నెర్రెలు చూపించాడు. "నల్లరేగడి సాయిబుగారూ. ఎండకు ముడుచుకుంటది, వానకు ఉబ్బుద్ది. పునాదికే గ్యారంటీ లేదు, మీ పైపుల్ని బతకనిస్తదా?" పత్తికి బర్కత్ ఇచ్చే మట్టే ఇంటికి ఆజ్మాయిష్. లోతుగా బోర్లు వేయించే హైసియత్ నాకు లేదు.

ఆ రోజుల్లోనే మిర్చి ధరల వార్త కోసం ఓ కోల్డ్ స్టోరేజీకి వెళ్లా. బయట హమాలీల ఒళ్లంతా చెమట, కారం ఘాటు. లోపల టిక్కీలు హాయిగా నిద్రపోతున్నాయి. తలుపు మందం చూశా, గోడలో థర్మోకోల్ పొరలు చూశా. చల్లదనం మిషన్‌ది, దాన్ని నిలబెట్టేది గోడ. వేడిని రానిచ్చి తర్వాత తరమడంకన్నా గుమ్మం దగ్గరే ఆపడం సస్తా. మిర్చికి చేసే ఖిద్మత్ అమ్మీకి చేయలేనా?

రేగడి తీయించి గ్రావెల్ నింపించి పునాది వేశాం. పడమర గోడకు కిటికీ పెట్టలేదు, బయట వరండా దించాం, ఓ వేపమొక్క నాటాం. స్లాబు మీద థర్మోకోల్ పలకలు, వాటిపై కాంక్రీటు, దానిపై పగిలిన తెల్లటైల్స్ ముక్కలు. ఉత్తరం, దక్షిణం ఎదురెదురు కిటికీలు. రాత్రంతా తెరుస్తాం, ఎండెక్కక ముందే మూసేస్తాం. తమ్ముడి మాట పోకుండా అమ్మీ గదిలో ఒక్క ఏసీ.

2021 రంజాన్‌కి ఆ ఇంట్లో ఉన్నాం. అమ్మీ అన్ని రోజాలూ ఉండలేకపోయింది. ఎండ ఒక్కటే కాదు, వయసూ ఉందిగా. ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. ఏసీ ఆగిన సంగతి అమ్మీకి అసర్ అజాన్‌కి లేచాకగానీ తెలియలేదు.

నమాజ్ అయ్యాక ఖిబ్లా గోడకు అరచెయ్యి ఆనించి చూసింది. "అల్‌హందులిల్లాహ్, సెగ లేదు బేటా" అంది.