రంపం కొనాలా, వద్దా?

వంటింట్లో ఏ పనికి ఏ గిన్నె, ఏ కత్తి అన్నది మనకి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ఇంట్లో పిల్లాడు "అమ్మా, నాకు వడ్రంగి పనిముట్లు కావాలి" అంటే ఏది కొనాలో, ఏది కొనకూడదో మనలో ఎంతమందికి తెలుసు? పోయినేడాది నాకా అవసరం వచ్చింది. మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మేము ఫ్లోరిడాలో సముద్రం దగ్గర ఉంటాం. నీళ్ళలో మునిగి చేపని ఈటెతో కొట్టడం ఇక్కడ చాలామందికి సరదా. దానికి వాడేదాన్ని స్పియర్ గన్ అంటారు. గన్ అన్నానని కంగారు పడకండి, అందులో మందుగుండు ఉండదు. రబ్బరు పట్టీలు లాగి తగిలించి మీట నొక్కితే ఉక్కు ఈటె దూసుకుపోతుంది. మన పిల్లల ఉండేలు లాంటిదే, కాకపోతే చాలా బలమైనది. దాని కొయ్య భాగాన్ని కొందరు ఇంట్లోనే చేసుకుంటారు.

మావాడికి పందొమ్మిదేళ్ళు. కాలేజీ మధ్యలో మానేసి ఐదు నెలలు గది తలుపు వేసుకునే ఉన్నాడు. అలాంటివాడు తనంతట తాను నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. "చదువు వదిలేసినవాడికి రంపాలొకటా!" అన్నారు మావారు. ఆయన బాధ ఆయనది. నా భయం వేరు. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు, వేళ్ళు పోతే?

వాడి పక్కన కూర్చుని పట్టిక రాయించాను. మొదట ఉన్నది టేబుల్ సా, అంటే బల్ల రంపం. పలకలు చీల్చడానికి అంత సులువైంది లేదు, వేళ్ళు తెగడానికీ అంతే. వేలు తగలగానే ఆగిపోయే రకం ఉంది గానీ ధర మాకు అందదు. "చీల్చాల్సింది మూడు పలకలేగా నాయనా, కలప అమ్మేవాళ్ళనే చీల్చి ఇమ్మంటే?" అన్నాను. కాస్త కూలి తీసుకుని ఇచ్చారు. పట్టికలో అన్నిటికన్నా ఖరీదైనదీ, ప్రమాదమైనదీ అలా తప్పింది.

కలప మన టేకే! గుమ్మాలకి ఎందుకు వాడతామో దీనికీ అందుకే, నీళ్ళకి తొందరగా పాడవదు. వంకర పోకుండా మూడు పలకల్ని, నడిమిదాని నార తిరగేసి, ఎపాక్సీ జిగురుతో అతికిస్తారు. టేకులో నూనె ఉంటుంది గనక ముందు ఎసిటోన్‌తో తుడవాలి. లేకపోతే జిగురు సరిగా పట్టదు.

ఇక కొన్నవి చెబుతాను. మూలమట్టం, పొడుగాటి ఇనప స్కేలు ముందు కొనాలి. కొయ్య వంకరైతే ఈటె గురి తప్పుతుంది. తరవాత బిగించే క్లాంపులు. నాలుగడుగుల కొయ్యకి అరజానకొకటి చొప్పున పది కావాలి. చిత్రిక పట్టే చిన్న పరికరం, దానితోపాటు సానరాయి. టేకులో ఇసుక గుణం ఉన్న సిలికా ఉండి పదును త్వరగా పోతుంది. మొద్దు కత్తిపీటే వేలు కోస్తుందని మనకి తెలియంది కాదు కదా! ఈటె కూర్చునే గాడి తీయడానికి రూటర్. ఇంటర్నెట్ డబ్బా కాదండోయ్, గిర్రున తిరిగే ఉలి అనుకోండి. దానికి గుండ్రటి ముక్కున్న కార్బైడ్ బిట్టు తీసుకోవాలి. పిడి చెక్కడానికి ఆకురాయి. ఉప్పుకాగితం 80, 120, 220 నంబర్లవి, ముందు బరకది, చివర సన్నది. టేకు పొడి ఒంటికి పడదు, మాస్కూ కళ్ళజోడూ తప్పవు. మీట యంత్రం మాత్రం స్టీలుది తయారుగా ఉన్నదే కొనాలి. రూటర్, క్లాంపులు వాడినవి తీసుకున్నాం. కలప కాక మూడొందల డాలర్లు దాటలేదు.

జిగురు గట్టిపడేలోగా క్లాంపులన్నీ బిగించాలి, ఒక్కడివల్ల అయ్యే పని కాదు. ఆ సాయంత్రం పిలవకుండానే మావారు చొక్కా చేతులు మడిచి రెండో కొస పట్టుకున్నారు. ఇద్దరూ మాట్లాడుకున్నది "ఇటు", "అటు", "చాలు" అంతే. నాకది చాలు.

నేను పెట్టిన షరతులు కూడా చెబుతాను. ఒంటరిగా నీళ్ళలోకి దిగకూడదు. ఊపిరి బిగపట్టి మునిగేవాళ్ళకి నీటిలోనే స్పృహ తప్పే ప్రమాదం ఉంది. ఒడ్డున గానీ పడవలో గానీ రబ్బరు లాగి తగిలించకూడదు. ఎర్ర గుడ్డ మీద తెల్ల ఏటవాలు చార ఉన్న జెండా, ఉప్పునీటి చేపల లైసెన్సు ఇక్కడి చట్టం ప్రకారం ఉండాలి. జనం స్నానాలు చేసే బీచికి వంద గజాల లోపల వేటాడకూడదు.

చదువు సంగతి ఇంకా తేలలేదు. కానీ అన్నం వేళకి గదిలోంచి తనే వస్తున్నాడు. మొన్న తెచ్చిన చేపని చింతపండు పులుసు పెడితే తండ్రి రెండోసారి వడ్డించుకున్నారు.

మీ పిల్లలు ఏ పనిముట్టు అడిగినా వెంటనే వద్దనకండి, వెంటనే కొననూ వద్దు. మూడు ప్రశ్నలు వేయండి. ఇది ఎన్నిసార్లు వాడతావు? ఆ పని బయట చేయించుకోగలమా? దీన్ని శుభ్రంగా, పదునుగా ఉంచడం నీకు వచ్చా? జవాబులు వాళ్ళచేత కాగితం మీద రాయించండి. ఏది కొనాలో దాంట్లోనే తేలిపోతుంది.