ఫోర్కు సరస్సున గాలపుకోల

అమెరికా దేశమున టెక్సాసు రాష్ట్రమునందు, డల్లాసు నగరమునకు తూర్పుగా మోటారులో ఒకటిన్నర గంట ప్రయాణము చేసినచో లేక్ ఫోర్కు అను జలాశయము గోచరించును. దీని విస్తీర్ణము సుమారు 27,000 ఎకరములు. ఇది సహజముగా నేర్పడిన సరస్సు గాదు. సబీను నదిలో గలియు నొక వాగునకు అడ్డముగా 1980వ సంవత్సరమున ముగించిన ఆనకట్టవలన నిది యేర్పడినది. నీరు నిండకముందు అచ్చటి యడవిని పూర్తిగా నరికివేయక, చాలభాగము నట్లే విడిచిరి. అందుచే నేటికిని ఆకులు లేని మోళ్లు వేలకొలది నీటినడుమ నిలిచి, జలమున తపస్సు చేయు మునులవలె కానవచ్చుచున్నవి. ఆ మోళ్లే యీ సరస్సునకు సంపద. ఏలయన, వాని నీడలయందే బాస్ అను మత్స్యము నివసించును.

డల్లాసు పరిసరములందు మన తెలుగువారు వేలకొలదిగా గలరు. మా మరది కుటుంబము నచ్చటనే యున్నది. వేసవి సెలవులలో మేము వారియింటి కేగినపుడు, ఈ సరస్సున రెండు దినములు గడుపు నవకాశము కలిగెను. పడవ నడుపువాడు మా మరది. గాలము వేయుటలో నేర్పరి మాత్రము మా తోడికోడలు. ఈ వ్యాసమున నేను వ్రాయు విషయములలో చాలభాగ మామె చూపగా నేర్చినవే.

బాస్ జాతులలో నిచ్చటిది పెద్దనోటి బాస్. వీపు పచ్చన, కడుపు తెల్లన, ప్రక్కన తలనుండి తోకవరకు నల్లని చార. నోరు మూసినను దాని మూల కంటిని దాటి వెనుకకు పోవును. ఇది వెంటాడి వేటాడు చేప గాదు. మోటిచాటున పొంచియుండి, దగ్గరకు వచ్చిన చిన్నచేపపై నొక్కుమ్మడి దుముకును. సోదరీమణులకు వింతగొలుపు సంగతి యొకటి గలదు. ఈ జాతిలో మిక్కిలి పెద్దవిగా పెరుగునవి ఆడుచేపలే. వసంతమున మగచేప తోకతో నేలను చిమ్మి గూడు సిద్ధపరచును. ఆడుచేప గ్రుడ్లుపెట్టి వెడలిపోవును. గ్రుడ్లను, పుట్టిన పిల్లలను కాచుభారము తండ్రిదే.

మాయింట చేపలు వండుట లేదు. అయినను మనదేశమున చేపను పట్టుట తినుటకో యమ్ముటకో యని యెరుగుదును. పుస్తె లమ్మియైన పులస తినవలెనను సామెత గోదావరి తీరమున పుట్టినదే. ఇచ్చటివారు బాస్‌ను పట్టుదురు, కొలుతురు, మరల నీటిలో విడుతురు. ఈ సరస్సున నది శాసనము కూడను. 16 అంగుళములకు పైబడి 24 అంగుళములకు లోబడిన బాస్‌ను తప్పక విడిచిపెట్టవలెను. దినమునకు అయిదు చేపల నుంచుకొనవచ్చును గాని, 24 అంగుళములు గాని అంతకు మించి గాని యున్నది వానిలో నొక్కటియే యుండవలెను.

విడుచుటకే యైనచో పట్టనేల? నోట ముల్లు గ్రుచ్చి యూరక విడుచుట వేడుకా, క్రౌర్యమా? ఈ ప్రశ్న నేను మా తోడికోడలి నడిగితిని. ఆమె నవ్వక, "అక్కయ్యా! పట్టిన చేప బ్రతుకునో చచ్చునో మనము దుకాణములో సామగ్రి కొన్ననాడే సగము నిశ్చయమైపోవును. రేపు చూతువుగాని" అనెను.

మొదట గాలపుకోల. క్రొత్తగా నేర్చువారికి ఆరున్నర మొదలు ఏడడుగుల వరకు పొడవుగల, నడితరపు బలముగల కోల చాలును. కోల బలము వేరు, వంగెడు తీరు వేరు. కొనమాత్రమే వంగునది యొంటి కొక్కెపు గాలమునకు తగును. ఏలయన, చేప కరచిన క్షణముననే ముల్లు గట్టిగా దిగవలెను. నడుమవరకు వంగునది మూడు కొక్కెముల చిన్న గాలములకు తగును. బిరుసుకోల యైనచో నవి చేప నోటిని చీల్చుకొని యూడివచ్చును. రీళ్లు ముఖ్యముగా రెండు విధములు. కోలక్రింద వ్రేలాడు స్పిన్నింగు రీలు సులభము. కోలపై కూర్చుండు బెయిట్‌కాస్టింగు రీలు బరువైన యెరలకు మేలు గాని, విసరునపుడు బొటనవ్రేలితో చుట్టను అదుపుచేయుట తెలియనిచో దారమంతయు పిచ్చుకగూడువలె చిక్కుపడును.

పిదప దారము. నైలాను దారము సాగును, చౌక. ఫ్లోరోకార్బను దారము నీటిలో మునుగును, చేపకంటికి సులభముగా కనబడదు. అల్లికదారము సన్నమైనను మిక్కిలి బలముగలది, సాగదు. మోళ్లనడుమ వేయునపుడు 15 మొదలు 20 పౌనుల బలముగల ఫ్లోరోకార్బను తగును. దట్టమైన నాచులో 50 పౌనుల యల్లికదారమునే వాడుదురు. సన్నని దారముతో పెద్దచేపను పట్టుటయే నైపుణ్యమని కొందరు తలతురు. దాని ఫలము మరునాడు చూచితిని.

ఎరలన్నియు కృత్రిమములే. వానిలో ప్రసిద్ధమైన పద్ధతి యీ రాష్ట్రము పేరనే టెక్సాసు రిగ్ అని పిలువబడుచున్నది. దారమునకు తూటావంటి చిన్న గుండు దూర్చి, కొనను గాలము కట్టి, మెత్తని ప్లాస్టిక్ వానపామును దానికి తొడిగి, ముల్లు మొనను మరల పాము దేహములోనే దాచుదురు. అందుచే నది కొమ్మలలో తగులుకొనక జారిపోవును. చేప కరచి, మనము కోలను బలముగా నెత్తినపుడే మొన వెలికివచ్చును. క్రాంకుబెయిట్ అను చేపబొమ్మకు ముందు పెదవివంటి రేకుండును. లాగినకొలది నది లోతునకు దిగి, మోడును తాకి ప్రక్కకు తొలగును. ఆ తొలగునపుడే బాస్ తరచుగా దానిపై దూకును. నీరు కలకగా నున్నచో నలుపు, నీలము వంటి ముదురురంగులు. తేటగా నున్నచో ఆకుపచ్చ, గోధుమ వంటి సహజపు రంగులు వాడవలెను.

మరునా డరుణోదయమునకు ముందే పడవ నెక్కితిమి. ఆ సమయమున చిన్నచేపలు గట్టుదగ్గర గుంపుగూడును. వానికై బాస్ పైకి వచ్చును. మా తోడికోడలు నీటిపై తేలి బుడబుడలాడు పాపరు అను నెరను మోటిప్రక్కకు విసరి, రెండుమారులు కుదిపి యూరకుండెను. నీరు పగిలినట్లు శబ్దమయ్యెను. ఆమె వెంటనే లాగలేదు. చేతికి బరువు తెలిసినవరకు నాగి, అప్పుడు కోలనెత్తెను. నిమిషము గడవకముందే చేప పడవచెంత కుండెను. కొలచిచూడగా 21 అంగుళములు. తడిచేతితో క్రింది పెదవిని పట్టి, రెండవచేతిని కడుపు క్రింద నానించి, పట్టుకారుతో గాలము తీసి నీట విడిచెను. పొడిచేయి తగిలినచో చేపమేని జిగురుపొర చెడి రోగము తగులునట. పెద్దచేపను పెదవిమాత్రమే పట్టి అడ్డముగా నెత్తినచో దవడ దెబ్బతినును.

కొంతసేపటికి సమీపమున వేరొక పడవలోని పెద్దమనిషికి చాల పెద్దచేప తగిలెను. ఆయన దారము సన్ననిది. చేప మోటిచుట్టు తిరిగి యలసి యలసి, తుదకు దారము త్రెంపుకొని, గాలముతోడను బారెడు దారముతోడను నీట మునిగిపోయెను. ఎవరును మాటాడలేదు. ఎండలో వేడెక్కిన నీట ప్రాణవాయువు తక్కువ. చిరకాలము పెనగులాడిన చేప విడిచినను తేరుకొనుట కష్టము. బలమైన దారము దయయే యని నాకప్పుడు బోధపడెను.

మధ్యాహ్నమున బాస్ మునిగిన వాగుల యంచులకు, పూర్వపు బాటలకు దిగిపోవును. అచ్చట నేలనంటి సాగు బరువైన గుండుతో ఎరను మెల్లగా నీడ్వవలెను. మిక్కిలి లోతునుండి పైకి తెచ్చిన చేపకు లోపలి గాలితిత్తి యుబ్బి వెల్లకిల తేలును గనుక, దానిని ఫొటోలకై నిలుపక త్వరగా విడువవలెను. చేప గాలమును మ్రింగినచో పెరికివేయరాదు. దారమును దగ్గరగా కత్తిరించి విడుచుట మేలు.

ఈ సరస్సు కీర్తి కొక యాడుచేప మూలము. 1986వ సంవత్సరము నవంబరులో నిచ్చట 17.67 పౌనుల, అనగా ఎనిమిది కిలోల బాస్ పట్టుబడెను. దానికి ఎథెల్ అని పేరిడిరి. చంపక రాష్ట్రప్రభుత్వమున కెరవిచ్చిరి. నాటినుండి 13 పౌనులకు మించిన చేపలను ప్రభుత్వమువారు సంతానమునకై స్వీకరించి, పిదప సరస్సులకే మరల్చు పద్ధతి యేర్పడెను. ఇప్పు డా సంతానశాల సమీపమున ఏథెన్సు అను నూర నున్నది. ఎథెల్‌ను మిస్సోరీ రాష్ట్రమున అద్దపుతొట్టిలో నుంచగా, అది 1994 వరకు జీవించెను. 1992 జనవరిలో నీ సరస్సుననే 18.18 పౌనుల చేప దొరకెను. దానిని పట్టినవాడు క్రాపీ యను చిన్నచేపలకై సజీవమైన చిరుచేప నెరగా వేసియుండెను.

ఆ దేశమున నున్న సోదరీమణులు గాని, అచ్చటి కేగువారు గాని యీ వేడుక నేర్వదలచినచో, ముందుగా లైసెన్సు తీసికొనుడు. టెక్సాసులో 17 ఏండ్లు నిండని పిల్లలకు మాత్ర మది యక్కరలేదు. ఖరీదైన కోలకన్న తగినబలముగల దారమునకు, పొడవైన పట్టుకారునకు ముందు సొమ్ము వెచ్చింపుడు. గాలపు ముల్లు వెనుకగంటును పట్టుకారుతో నొక్కివేయుడు. ముల్లు సులభముగా వచ్చును. చేపకు నొప్పి లేదని నేను వ్రాయజాలను. పట్టకుండుటయే పూర్ణమైన దయ యనువారితో నాకు తగవు లేదు. పట్టుట నిశ్చయమైనచో, దానిని ప్రాణముతో నింటికి పంపు భారము పట్టినవారిదే.