భాషకు ఎన్ని మార్కులు?

ఈ నెల నన్ను వానాకాలం మీద వ్యాసం రాయమన్నరు. కిందటి సంచికలో వానాకాలం మీద రెండు వ్యాసాలు, ఒక పాట వచ్చినవి. అందుకని నేను మా తరగతిలో మార్కులు వేసిన సంగతి రాస్తున్నాను. ఇందులో కూడా వాన ఉన్నది.

మా తెలుగు మేడం తొమ్మిదవ తరగతిని నాలుగు గ్రూపులు చేసింది. గోదావరి, ప్రాణహిత, పెన్‌గంగ, కడెం. గ్రూపుకు ఆరుగురు. "సభలో మాట్లాడటం ఎట్లా" అనే విషయం మీద ఒక్కొక్క గ్రూపు పది నిమిషాలు చెప్పాలె. ఒక గ్రూపు చెప్పుచుండగా మిగతా మూడు గ్రూపులు మార్కులు వేయాలె. గొంతుకు 4, ధైర్యానికి 4, విషయానికి 4, భాషకు 4, సమయానికి 4, మొత్తం 20. ఎక్కువ మార్కులు వచ్చిన గ్రూపు నుంచి ఒక అమ్మాయి ఆగస్టు 9 నాడు, ప్రపంచ ఆదివాసీ దినోత్సవంలో, అధికారుల ముందు మన బడి తరఫున మాట్లాడుతది. అందుకే ఎవ్వరూ దీన్ని ఆట లెక్క తీసుకోలేదు. పెన్సిలుతో వేసి, రబ్బరుతో చెరిపి, కాగితం చినిగేదాకా మళ్లా వేసినోళ్లు ఉన్నరు.

నేను కడెం గ్రూపు. మా గ్రూపు గురించి రాయను. మా మార్కులు మేము వేసుకోలేదు కదా.

ముందుగా గోదావరి గ్రూపు వచ్చింది. వాళ్ల భాగం "భయం పోగొట్టుకొనుట". గాంధీజీ కథ చెప్పిన్రు. ఆయన బారిష్టరు చదివి వచ్చినంక బొంబాయిలో మొదటి కేసుకు కోర్టులో లేచి నిలబడితే తల తిరిగిందట, ఒక్క ప్రశ్న కూడా నోట్లె నుంచి రాలేదట. తీసుకున్న 30 రూపాయల ఫీజు వాపసు ఇచ్చిండట. ఇది విన్నంక వెనక బెంచీలోళ్లకు కూడా కొంచెం ధైర్యం వచ్చింది. తరువాత గ్రీకు దేశంలో డెమోస్తనీసు అనే ఆయన మాట సాఫుగా వచ్చుటకు నోట్లె గులకరాళ్లు పెట్టుకొని మాట్లాడి నేర్చుకున్నడని చెప్పిన్రు. చెప్పి ఊకోలేదు. ఇద్దరు చింతగింజలు నోట్లె పెట్టుకొని చేసి చూపిచ్చిన్రు. ఒకామె గింజ మింగింది. నీళ్లు తెచ్చుడు, వీపు మీద కొట్టుడు, నవ్వుడు, ఇట్ల పదహారు నిమిషాలు అయినవి. సమయానికి 1 వేసినం. మిగతావి బాగనే వేసినం.

ప్రాణహిత గ్రూపుది "గొంతు, నిలబడే తీరు". చాలా బాగ నిలబడిన్రు. చివరి బెంచీని చూసి మాట్లాడాలె, మాట మొదలు పెట్టక ముందు ఒక్కసారి ఊపిరి నిండ తీసుకోవాలె, మైకును మరీ నోటికి ఆనిస్తే బుస్సు బుస్సు మంటది, జానెడు దూరం ఉంచాలె అన్నరు. ఇవి నాకు పనికి వచ్చే మాటలు. కాని వాళ్ల లీడరు మొదలు పెట్టుడే "వేదికనలంకరించిన పెద్దలకు, సభకు విచ్చేసిన ప్రముఖులకు" అని మొదలు పెట్టింది. వేదిక మీద ఎవ్వరూ లేరు, మేడం కుర్చీ ఒక్కటే ఉన్నది. గైడులో ఉన్న ఉపన్యాసం మొత్తం ఒక్క అక్షరం తప్పకుండా ఒప్పజెప్పింది. అయిపోయినంక మా గ్రూపులో చిన్న పిల్ల లేచి, "మధ్యల మరిచిపోతే ఏం చేయాలె అక్కా?" అని అడిగింది. లీడరు పక్కామెను చూసింది, పక్కామె కిటికీని చూసింది. అందుకే నేను విషయానికి 2 అన్న. గొంతుకు, ధైర్యానికి, భాషకు, సమయానికి నాలుగు నాలుగు. మొత్తం 18.

ఇగ పెన్‌గంగ గ్రూపు. వాళ్ల భాగం "వినేవాళ్లకు అర్థమగునట్లు చెప్పుట". ఐదుగురు చెప్పినంక ఆఖరుకు కొలాం గూడెం నుంచి వచ్చిన అమ్మాయి లేచింది. ఆమె మన బడికి వచ్చి రెండేండ్లే అయింది. ఇంట్ల కొలామీ, మా గోండు పిల్లలతోని గోండి, తరగతిలో తెలుగు. మూడు భాషల పిల్ల. గొంతు మాత్రం మూడింట్ల కూడా సన్నదే.

ఆమె ఏం చెప్పిందంటే, అధికారి వస్తే మనం అర్జీ నోటితో ఎట్ల చెప్పాలె అని. ముందు ఊరు పేరు. తరువాత ఏం కావాలె. తరువాత ఎంతమందికి కావాలె, ఎప్పటి నుంచి లేదు. తరువాత మనం ఏం చేసి చూసినం. అంతే. ఇట్ల చెప్పి, తన ఊరునే ఉదాహరణగా తీసుకున్నది. వాళ్ల గూడానికి, రోడ్డుకు నడుమ వాగు ఉన్నది. గూడెంలో 31 ఇండ్లు. వాన పడితే వాగు దాటరాదు. గూడెమోళ్లు రెండు సార్లు రాళ్లు, కట్టెలు వేసి దారి కట్టుకున్నరు, రెండు సార్లు వాగు ఎత్తుకపోయింది. మూడేండ్ల కింద శ్రావణంలో ఆమె వదినను మంచం మీద పండబెట్టి నలుగురు మోసిన్రు, ఛాతీ దాకా నీళ్లు. అక్కడ ఆమెకు "కాన్పు" అనే మాట దొరకలేదు. ఆగింది. కొలామీలో అన్నది. మాకు సమజు కాలేదు. గోండిలో అన్నది. మేము అర్థం చేసుకున్నం. అప్పుడు ఒక పిల్ల కూర్చున్న కాడ నుంచే "కాన్పు" అని అందిచ్చింది. "ఆ, కాన్పు" అని తీసుకొని, వాగు ఒడ్డుననే పిల్ల పుట్టిందని, ఇద్దరూ మంచిగ ఉన్నరని, వంతెన కావాలెనని చెప్పి కూర్చున్నది. చప్పట్లు కొట్టుడు అందరం మరిచిపోయినం.

ఇప్పుడు మార్కులు. మా గ్రూపులో లొల్లి అయింది. "భాషకు 1 వెయ్యి. నడుమ ఆగింది, మూడు భాషలు కలిపింది" అన్నరు. నేను 4 అన్న. ఎందుకంటే భాష అంటే ఏందని మేడం బోర్డు మీద రాయలేదు. తప్పు లేకుండ మాట్లాడుడా, అవతలోళ్లకు అందుడా? ప్రాణహిత లీడరు చెప్పినదాంట్లె నాకు ఇప్పుడు గుర్తున్నది వేదికనలంకరించిన అనే మాట ఒక్కటే. వాగు లోతు మాత్రం నేను చూడకపోయినా చెప్పగలుగుత.

మా గ్రూపులో ఒకామెకు సోషల్ బాగ వస్తది. ఆమె గట్టి మాట అన్నది. "జైపాల్ సింగ్ ముండా 1946లో రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున మాట్లాడితే దేశం విన్నది. ఏ భాషల మాట్లాడిండు? ఇంగ్లీషుల. ఆక్స్‌ఫర్డులో చదివిండు కాబట్టి మాట్లాడిండు. మన భాషలనే ఉంటే ఎవరు రాసుకుంటరు?" అన్నది. ఈ మాటకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయిన. తెలుగు రావాలె అనేది నిజమే. మా అవ్వ బ్యాంకుకు పోతే ఫారం నింపుటకు ఎవరినో బతిమాలుతది, అందుకే నన్ను ఇక్కడ వేసిన్రు. కాని 2022లో ద్రౌపది ముర్ము గారు రాష్ట్రపతి అయిన రోజు "జోహార్" అని మొదలు పెట్టి హిందీలో మాట్లాడిన్రు. ఆమె మాట అందరికి అందింది, జోహార్ కూడా అందింది.

ఇంకొకటి కూడా చెప్పిన. పోయిన పుష్య మాసంలో నేను మా బాపుతో కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయిన. మెస్రం వాళ్ల పూజ అయినంక అక్కడ దర్బారు పెడతరు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయినంక ఈ ప్రాంతానికి వచ్చిన హైమన్‌డార్ఫ్ దొర కాలంలో ఆ దర్బారు మొదలైంది. అక్కడ మైకు పట్టినోళ్లను నేను చెవి పెట్టి విన్న. ఒక పెద్దాయన అందరిని పొగిడి పొగిడి పదిహేను నిమిషాలు మాట్లాడిండు, రాసుకునే సారు పెన్ను కింద పెట్టిండు. ఒక ముసలామె గోండిల నాలుగే మాటలు అన్నది, ఊరు పేరు, బోరింగు, ఎన్ని ఇండ్లు, ఎన్నేండ్లు. పక్కాయన తెలుగుల చెప్పిండు. ఆ సారు పెన్ను తీసి రాసుకున్నడు. పెన్‌గంగ అమ్మాయి చెప్పిన వరుస కూడా అదే. ఆమె దర్బారుకు పోయిందో లేదో నేను అడగలేదు.

ఇంత చెప్పినా మా కాగితంల భాష దగ్గర 2 పడింది. నడుమ నిలబడి బేరం చేసినట్లు అయింది. నేను కాగితం కింద చిన్న అక్షరాలతో "నా మాట 4" అని రాసి సంతకం చేసిన. మూడు గ్రూపులవి కలిపితే ప్రాణహితకు 60కి 54 వచ్చినవి, పెన్‌గంగకు 47. లెక్క ప్రకారం ప్రాణహిత లీడరే పోవాలె. ఆమె బాగ మాట్లాడుతది, ఆమె మీద నాకు కోపం లేదు. కాని ఆగస్టు 9 నాడు వచ్చే అధికారులకు స్వాగతం మాత్రమే చెప్తమా, అర్జీ కూడా చెప్తమా? రెండూ ఉన్నవి కాబట్టి ఇద్దరిని పంపితే ఏం పోతది? వచ్చేసారి మార్కులు వేసేటప్పుడు భాష అని రాసిన కాడ "వినేవాళ్లకు అర్థమైందా" అని రాయాలని మేడంను అడిగిన. మేడం నవ్వి, "నీ మాట గోడ మీద రాయి, అందరు చదివినంక శనివారం ప్రార్థన అయినాక చెప్త" అన్నది. అందుకే రాసిన. చదివినోళ్లు మీ మాట కింద ఖాళీ జాగలో పెన్సిలుతో రాయండి. బొమ్మలు వేయకండి.

ఆ పిల్ల మాత్రం ఈ లొల్లి ఏదీ పట్టించుకుంటలేదు. నిన్న రాత్రి స్టడీ అవరులో నోటుబుక్కు పట్టుకొని నా దగ్గరికి వచ్చి, వంతెనకు సున్న ఎక్కడ పెట్టాలె అని అడిగి రాసుకొని పోయింది.

– కడెం గ్రూపు, 9వ తరగతి